షటిల్ క్లబ్బుకి డబ్బులు మనవి, తాళం చెవి ఎవరిది?

బ్యాక్‌హ్యాండ్ బాబు | సోమవారం రాత్రి 10.40

అందరికీ నమస్తే. ఏడాదిగా మింగుతూ వచ్చింది ఇవాళ కక్కేస్తున్నా. యూనివర్సిటీ పేరు, మనుషుల పేర్లు నేను రాయను, మీరూ రాయొద్దు. మనవాళ్లకి అర్థమైతే చాలు.

పొద్దున 5.40కి ఇండోర్ హాలుకి వెళ్లా. తాళం. వాచ్‌మన్‌ని అడిగితే, హాలు చెవి స్టోర్‌లో ఉందిట, స్టోర్ చెవి క్లర్కు గారి దగ్గర ఉందిట, క్లర్కు గారు పదిన్నరకి గానీ రారుట. తొమ్మిది మందిమి మెట్ల మీద కూర్చున్నాం, దోమలు కుడుతుంటే రాకెట్ బ్యాగులు కాళ్లకి అడ్డం పెట్టుకుని. 6.20కి కారొచ్చింది. అందులోంచి దిగిన సార్లు ఇద్దరూ జేబులోంచి చెవి తీసి ఎంచక్కా తలుపు తెరుచుకున్నారు. వెనకే ఇంకో ఇద్దరు వచ్చారు. నాలుగు కోర్టుల్లో రెండింటికే లైట్లు వేశారు. ఒకదాంట్లో వాళ్లు నలుగురు, రెండోదాంట్లో మేం తొమ్మిది మంది. 7.30కి వాళ్లు వెళ్తూ వెళ్తూ మెయిన్ ఆపేసి, "బాబూ, కరెంటు బిల్లు ఎక్కువొస్తోంది" అని చెప్పి వెళ్లారు.

అడ్మిషన్ చలానాలో స్పోర్ట్స్ ఫీజు ఉంది. అది కాక క్లబ్ మెంబర్‌షిప్ అని 600 తీసుకున్నారు. రసీదు అడిగితే "నోట్‌బుక్‌లో రాశాంలే" అన్నారు. ఆ నోట్‌బుక్ ఇప్పుడెక్కడుందో ఎవరికైనా తెలుసా?

---

నెట్ కార్డ్ | సోమవారం రాత్రి 11.05

అన్నా, తాళం చెవిది చిన్న ముచ్చట. మ్యాట్ సంగతి చూసినవా? సెమిస్టర్ ఎగ్జామ్స్ అని హాల్ల మూడు వారాలు బెంచీలు వేసిండ్రు. ఇనుప కాళ్లు, కింద రబ్బర్ బుష్ కూడ లేదు. ఎగ్జామ్స్ అయిపోయినంక చూస్తే మ్యాట్ నిండ రూపాయి బిళ్లంత గుంటలు. రెండో కోర్టు షార్ట్ సర్వీస్ లైన్ (నెట్ ముంగటి గీత) కాడ జానెడు చినిగితే దానికి ఏం అతికిచ్చిండ్రో తెలుసా, పార్సిళ్లకు ఏస్తరు చూడు, ఆ బూడిద రంగు టేపు. రెండు దినాలకే టేపు కొస లేసింది. నెట్ కాడికి ఉరికొచ్చేటప్పుడు బూటు కింద అతుక్కుంటది. మా రూమ్మేట్‌కు గట్లనే కాలు మడతపడ్డది, పదిహేను రోజులు కుంటిండు.

పైన పావురాలు. అవి చేసే పని నేను రాయ. మ్యాచ్‌కు ముందు మనమే బట్ట తడిపి తుడుసుకోవాలె.

---

ఏ బ్లాక్ అమ్మాయి | సోమవారం రాత్రి 11.31

మీకు మెట్లైనా దొరికాయి, సంతోషం.

అమ్మాయిల స్లాట్ సాయంత్రం 4 నుంచి 5 వరకు. మాకు ల్యాబ్ వదిలేది 4.30కి. హాస్టల్‌కి వెళ్లి బట్టలు మార్చుకుని వచ్చేసరికి 4.50. పది నిమిషాలు వార్మప్ చేసి ఇంటికెళ్లమనడమే. 6 నుంచి 8 వరకు "జనరల్ స్లాట్" అంటారు గానీ మా హాస్టల్ ఇన్‌టైమ్ 6.30. ఆ జనరల్‌లో మేం లేమన్నమాట. పొద్దున 6కి ముందు హాస్టల్ గేటు తీయరు. లెక్కేసుకోండి, మేం కట్టిన 600కి రోజుకి ఎన్ని నిమిషాలొచ్చాయో.

పోయినేడు అమ్మాయిలకి ట్రయల్స్ పెట్టనే లేదు. "ఐదుగురే వచ్చారు, ఐదుగురూ టీమే" అన్నారు. అంతమందే ఎందుకొచ్చారని ఒక్కరూ అడగలేదు. ట్రాక్‌సూట్లు మగపిల్లల సైజుల్లో తెప్పించారు. అవి చేతికొచ్చింది కూడా టోర్నమెంట్ అయిపోయి మేం తిరిగొచ్చాక. నాది ఇప్పటికీ కవర్లోనే ఉంది, మా తమ్ముడికి ఇచ్చేద్దామనుకుంటున్నా.

---

మోడరేటర్ | మంగళవారం ఉదయం 7.15

ఎడమ చేయి గారి పోస్టులో ఒక ఉద్యోగి పేరు ఉంటే తీసేశాను. "ఫలానా సార్" అని హోదాతో రాసినా చిన్న క్యాంపస్‌లో ఎవరో తెలిసిపోతుంది. జరిగిన విషయం రాయండి.

---

ఎడమ చేయి | మంగళవారం ఉదయం 8.02

సరే, పేరు లేకుండా మళ్లీ రాస్తున్నా.

సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీ పోటీలకి మెన్స్ ట్రయల్స్. నోటీసు ముందు రోజు సాయంత్రం 5కి పడింది. ఎక్కడ? వాట్సాప్ గ్రూపులో. అందులో అడ్మిన్లు తప్ప ఎవరూ మెసేజ్ పెట్టలేరు, సగం మంది ఆ గ్రూపులోనే లేరు. మా ఇంజినీరింగ్ కాలేజీ మెయిన్ క్యాంపస్‌కి 14 కిలోమీటర్లు. అఫిలియేటెడ్ కాలేజీల వాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. వాళ్ల దగ్గరా స్పోర్ట్స్ ఫీజు వసూలు చేస్తారు, వాళ్లకి నోటీసు ఎప్పుడైనా అందిందా?

వచ్చినవాళ్లకి ఒక్క కోర్టు, 11 పాయింట్ల గేమ్, ఓడితే ఇంటికి. 21 పాయింట్ల మూడు గేములు ఆడే ఆటకి 11 పాయింట్ల ఒక గేముతో టీమ్ తీస్తారా? మంచి ప్లేయర్ కాలు కుదురుకునేసరికే 11 అయిపోతుంది. ఎవరితో ఎవరు ఆడాలో రాసే డ్రా కాగితం క్లబ్ సెక్రటరీ రూమ్‌లో రాశారు. గట్టోళ్లంతా ఒక వైపు పడ్డారు, ఆయన రూమ్మేట్లు రెండో వైపు. యాదృచ్ఛికమే అయ్యుంటుంది, మనం ఎవర్నీ అనుమానించకూడదు కదా.

ఐదో స్థానానికి నేను గెలిచా. లిస్టులో నా పేరు రిజర్వులో ఉంది. మొదటి రౌండ్లో ఓడినతను టీమ్‌లో ఉన్నాడు. అడిగితే "అనుభవం చూశాం" అన్నారు.

---

పాత కాపు 98 | మంగళవారం ఉదయం 9.50

పిల్లలూ, నేను 1998లో ఇదే హాల్లో ఆడాను. అప్పుడు మ్యాట్ లేదు, సిమెంటు నేల మీద గీతలు. మోకాళ్లు ఇప్పుడు చెబుతున్నాయి ఆ సంగతి. బయట రెండు బాల్ బ్యాడ్మింటన్ కోర్టులుండేవి, ఐదుగురు ఐదుగురు ఆడేవాళ్లం. మా ఊళ్లో "బ్యాడ్మింటన్" అంటే అదే, ఇప్పుడు మీరాడేదాన్ని "షటిల్" అనేవారు. ఆ కోర్టుల మీద ఇప్పుడు పార్కింగ్ షెడ్డు వేశారని విన్నాను. ఆట పోయినందుకు ఒక్కరూ అర్జీ పెట్టలేదు, మేమూ పెట్టలేదు, సరే.

ఒక్కటి చెబుతా, శ్రద్ధగా వినండి. రిజర్వులో వేశారని ఊరుకోవద్దు. ఎందుకంటే ఈ టీమ్ లిస్టు ట్రాక్‌సూట్‌తో అయిపోయేది కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాలో యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు ఆడినవాళ్లకి అర్హత ఉంది. దానికి ఫారం-3 అని ఒక నమూనా. స్పోర్ట్స్ డీనో, యూనివర్సిటీ క్రీడలన్నీ చూసే అధికారో దాని మీద సంతకం పెట్టాలి. నాతో ఆడిన ఒకతను ఆ సంతకం కోసం చదువైపోయిన నాలుగేళ్లకి వచ్చి, పాత స్టాక్ రూములో ఫైలు వెతికించుకుని మరీ తీసుకెళ్లాడు. ఆ కాగితంతోనే ఉద్యోగం వచ్చింది. ఎవరి రూమ్మేట్‌నో జట్టులో ఇరికించడం వెనక అంత ఉంటుంది. 25 దాటితే మళ్లీ ఈ పోటీలు ఆడనివ్వరు కూడా, కాబట్టి వచ్చే ఏడు చూద్దాంలే అనుకునేంత టైమ్ మీకు లేదు.

---

సీమ సర్వీస్ | మంగళవారం మధ్యాహ్నం 1.12

అన్నలూ నేను ఫస్టియర్. పోయిన వారమే 600 కట్టినా. రాకెట్ కొనాల్నా, క్లబ్బోళ్లే ఇస్తారా?

---

నెట్ కార్డ్ | మంగళవారం మధ్యాహ్నం 1.15

తమ్మీ, ముందుగాల తాళం చెవి కొనుక్కో.

---

తెల్ల గీత | మంగళవారం రాత్రి 9.20

పోయిన సంవత్సరం కమిటీలో ఉన్నాను. తిట్టాలనుకుంటే తిట్టండి, కానీ మొత్తం చదివి తిట్టండి.

మొత్తం యూనివర్సిటీకి పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ ఒక్కరే. రెండో పోస్టు ఖాళీగా ఉండి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. గ్రౌండ్‌మన్ అవుట్‌సోర్సింగ్, జీతం రెండు మూడు నెలలకోసారి వస్తుంది. పొద్దున 5.30కి వచ్చి హాలు తెరవమని ఆయన్ని ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?

టోర్నమెంట్‌కి వెళ్లాలంటే యూనివర్సిటీ దగ్గర అడ్వాన్స్ కోసం ఫైలు పెట్టాలి. పాత అడ్వాన్స్ సెటిల్ కాకపోతే కొత్తది ఇవ్వరు. పాతది ఎందుకు సెటిల్ కాలేదంటే ఆటో వాడు బిల్లు ఇవ్వలేదని ఆడిట్ వాళ్లు ఫైలు వెనక్కి పంపారు. స్టేషన్ నుంచి హాస్టల్‌కి ఆటో, 180 రూపాయలు. ఆ 180 కోసం ఫైలు ఐదు నెలలు తిరిగింది. పోయినసారి మీ అందరి రైలు టికెట్లు పీడీ సార్ తన కార్డు మీద తీశారు. ఇది ఆయన ఎవరితోనూ చెప్పుకోరు.

షటిల్స్ సంగతీ చెబుతా. పర్చేజ్ కమిటీకి మూడు కొటేషన్లు కావాలి, తక్కువ ఎవరిదైతే వాళ్లకే ఆర్డర్. మేం ఇండెంట్‌లో, అంటే కావాల్సిన సరుకు చీటీలో, "ఫెదర్ షటిల్స్, 40 ట్యూబులు" అని రాశాం. స్పీడ్ రాయలేదు. తప్పు నాదే, రాయాలని నాకు తెలీదు. షాపువాడు తన దగ్గర కదలకుండా పడున్న 78 స్పీడ్ సరుకు చవగ్గా ఇచ్చాడు.

---

బ్యాక్‌హ్యాండ్ బాబు | మంగళవారం రాత్రి 9.48

ఓరి దేవుడా, అదా సంగతి! ఏప్రిల్‌లో ఏది కొట్టినా గోడకి తగులుతుంటే నా రాకెట్ తీగల టెన్షన్ తగ్గిందని రెండుసార్లు గట్టింగ్ చేయించి తీగలు మార్పించుకున్నా. దానికి నా జేబులోంచి పోయింది 1,100.

తెలియనివాళ్ల కోసం: స్పీడ్ నంబరు పెరిగేకొద్దీ షటిల్ ఎక్కువ దూరం పోతుంది. వేడి గాలి పలచన, షటిల్‌ని ఆపదు. అందుకే చలి ఊళ్లకి 78, 79, మన ఎండలకి 76 లేదంటే 75. రూల్ పుస్తకంలోనే పరీక్ష ఉంది. వెనక గీత దగ్గర నిలబడి, అండర్‌హ్యాండ్‌లో నిండుగా కొట్టాలి. అవతలి వెనక గీతకి 530 నుంచి 990 మిల్లీమీటర్లు ఇవతల పడితే మంచి షటిల్. మనవి గీత దాటి పావురం రెట్టల మీద పడ్డాయి.

తెల్ల గీత, నువ్వు ఒప్పుకున్నావ్ కాబట్టి నీ మీద కోపం లేదు. కానీ 40 ట్యూబులు అన్నావ్. మేం చూసినవి ఆరు, అవీ నైలాన్‌వి ఎక్కువ. ట్యూబుకి 12 చొప్పున 480 షటిల్స్ ఎక్కడికి ఎగిరిపోయాయి?

---

తెల్ల గీత | మంగళవారం రాత్రి 10.03

కొన్ని టీమ్ క్యాంపులో వాడాం. మిగతావి స్టోర్‌లో ఉండాలి. పొద్దున ఆడే సార్లకి స్టోర్ నుంచే వెళ్తాయి. దాని గురించి ఇంతకంటే రాయను.

---

ఎడమ చేయి | మంగళవారం రాత్రి 10.06

రాశావుగా.

---

ర్యాలీ రాజు | మంగళవారం రాత్రి 10.30

ఇక్కడ ఏడవడం తప్ప ఏం చేస్తారు మీరు? సార్లు వచ్చినప్పుడు గుడ్ మార్నింగ్ చెప్పి కోర్టు వదిలేది మీరే కదా. వాళ్లలో ఒకాయన మీ ఇంటర్నల్స్ మార్కులు వేస్తాడని భయం. ఆ మాట రాయండి ముందు. అమలాపురం నుంచి వెళ్లి సాత్విక్ ప్రపంచాన్ని వణికించాడు, మీరు హాలు మెట్లు దాటలేకపోతున్నారు.

---

ఏ బ్లాక్ అమ్మాయి | మంగళవారం రాత్రి 10.52

రాజు గారూ, భయమే. రాశాను, సరేనా? నా ప్రాజెక్టు గైడే ఆ నలుగురిలో ఒకరు. ఆయన మంచివారే, ఒకసారి మాకోసం అరగంట ఆగారు కూడా. అసలు ఆయన దయతలచి ఆగాల్సి రావడమే నాకు నచ్చనిది. గోడ మీద స్లాట్ల బోర్డు ఉంటే ఆయనకీ ఇబ్బంది ఉండదు, నాకూ గుడ్ మార్నింగ్ ఖర్చు తప్పుతుంది.

---

మ్యూనిక్ మామ | బుధవారం తెల్లవారుజామున 2.40

2011 బ్యాచ్. జర్మనీలో ఉంటున్నా, ఇక్కడొక చిన్న ఊరి క్లబ్బులో ఆడతా. గొప్ప చెప్పుకోవడానికి కాదు గానీ ఒక పద్ధతి చూశా. ఏడాదికోసారి సభ్యులందరి సమావేశం. కోశాధికారి వచ్చిన డబ్బు, పోయిన డబ్బు చదువుతాడు. సభ్యుల్లోంచే ఎన్నుకున్న ఇద్దరు అప్పటికే ఆ పుస్తకాలు చూసి ఉంటారు, వాళ్లు లేచి సరిపోయాయో లేదో చెబుతారు. తర్వాత చేతులెత్తి ఓటు. ఓటు పడితేనే కమిటీ నెత్తి మీద బరువు దిగుతుంది. మొదటిసారి వెళ్లినప్పుడు వలల ఖర్చు గురించి ఒక ముసలాయన ఇరవై నిమిషాలు వాదించాడు. నాకు నిద్రొచ్చింది. ఇప్పుడు తెల్ల గీత పోస్టు చదివాక ఆ ముసలాయన మీద గౌరవం పెరిగింది.

---

లా కాలేజీ గట్టు | బుధవారం ఉదయం 8.30

రెండు దారులు చెబుతా, పెద్ద ఖర్చు లేని పని.

ఒకటి, సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ), 2005. సెక్షన్ 6(1) కింద యూనివర్సిటీ పౌర సమాచార అధికారికి దరఖాస్తు, ఫీజు 10 రూపాయలు. ఎందుకు అడుగుతున్నారో చెప్పక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే సెక్షన్ 19(1) కింద మొదటి అప్పీలు. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. "షటిల్స్ ఎందుకు ఇవ్వలేదు?" అని రాస్తారు. "ఎందుకు" అంటే వాళ్లు జవాబు చెప్పరు, చెప్పాల్సిన పనీ లేదు. కాగితాలు అడగండి: బ్యాడ్మింటన్ స్టాక్ రిజిస్టర్ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు నకలు, మెంబర్‌షిప్ 600 జమ చేసిన ఖాతా వివరం, సెలెక్షన్ కమిటీ సమావేశం మినిట్స్, ట్రయల్స్ స్కోర్ షీట్లు. నకళ్లు వద్దనుకుంటే రికార్డులు స్వయంగా చూస్తామనీ అడగొచ్చు, మొదటి గంటకి ఫీజు లేదు.

రెండు, యూజీసీ 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి యూనివర్సిటీలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఫిర్యాదు అందిన 15 పని దినాల్లో నివేదిక ఇవ్వాలి. తేల్చకపోతే పైన అప్పీలు వినడానికి అంబుడ్స్‌పర్సన్ ఉంటారు. అమ్మాయిల స్లాట్ విషయం ఇక్కడ వేయండి, ఆర్టీఐలో అది తేలదు.

ఒక్కరి పేరుతో వేయొద్దు. ఇరవై సంతకాలుంటే ఇంటర్నల్స్ భయం ఇరవై ముక్కలవుతుంది.

---

మోడరేటర్ | గురువారం సాయంత్రం 6.00

ఎవరో ఈ చర్చ స్క్రీన్‌షాట్లు బయటికి పంపారు. ఎవరని వెతకడం నా పని కాదు. ఆ విషయం మీద వచ్చిన పదకొండు పోస్టులు తీసేశాను, అందులో ఐదు ర్యాలీ రాజు గారివే.

---

బ్యాక్‌హ్యాండ్ బాబు | శనివారం రాత్రి 8.15

స్క్రీన్‌షాట్లు పంపినవాళ్లకి ఓ దండం. పీడీ సార్ నిన్న పిలిచారు. నేను, ఎడమ చేయి, ఏ బ్లాక్ అమ్మాయి వెళ్లాం. కేకలేస్తారనుకున్నాం. ఆయన ఫోన్ టేబుల్ మీద పెట్టి, తెల్ల గీత పోస్టు చూపించి, "ఆటో బిల్లు 180 కాదమ్మా, 160" అన్నారు. తర్వాత టీ తెప్పించారు.

ఒప్పుకున్నవి: తాళం చెవి ఇక నుంచి మెయిన్ గేటు సెక్యూరిటీ దగ్గర. రిజిస్టర్‌లో పేరు, రోల్ నంబరు, టైమ్ రాసి సంతకం పెట్టి ఎవరైనా తీసుకోవచ్చు, సార్లయినా సరే సంతకం పెట్టాల్సిందే. అమ్మాయిలకి 5 నుంచి 6.15. హాస్టల్ ఇన్‌టైమ్ తన చేతిలో లేదు, వార్డెన్‌కి లెటర్ రాస్తానన్నారు. పరీక్షల బల్లలకి రబ్బర్ బుష్‌లు లేకపోతే హాలు ఇవ్వనని ఎగ్జామినేషన్ బ్రాంచికి నోట్ పెడతారట. ఆ నోట్‌కి జవాబొచ్చేసరికి నా డిగ్రీ అయిపోతుంది, అయినా పెట్టనీండి.

ఒప్పుకోనివి: లెక్కలు. "అవి నా చేతిలో లేవు" అన్నారు. ఎవరి చేతిలో ఉన్నాయని అడిగితే కిటికీలోంచి అడ్మిన్ బిల్డింగ్ వైపు చూశారు. ట్రయల్స్ గురించి ఎడమ చేయి అడిగినప్పుడు మాత్రం ఆయన మొహం మారింది. లిస్టు మారదు, వచ్చే ఏడు స్కోర్లు బోర్డు మీద పెడతామన్నారు.

---

ఎడమ చేయి | శనివారం రాత్రి 8.40

నాకు వచ్చే ఏడు లేదు. 25 నిండుతాయి. ఆర్టీఐ వేశా. నా ఒక్కడి పేరుతోనే. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ తీసుకుంటుంటే కౌంటర్లో ఆయన "ఏ ఉద్యోగానికి బాబూ?" అన్నాడు.

---

పాత కాపు 98 | శనివారం రాత్రి 9.10

తమ్ముడూ, ట్రయల్స్ స్కోర్ షీట్ నకలు చేతికొచ్చాక నాకు చెప్పు. నేనూ వస్తా.

---

నెట్ కార్డ్ | సోమవారం ఉదయం 6.35

అన్నా హాల్లనే ఉన్న. నాలుగు కోర్టులకు లైట్లు ఏసినం! ఏ బ్లాక్ గేటు కూడ ఇయ్యాల 5.45కే తీసిండ్రు, అమ్మాయిలు ఆరుగురు వచ్చిండ్రు. సార్లు 6.20కి వచ్చి, గేటు కాడ మల్ల వెనక్కి పోయి సంతకం పెట్టొచ్చిండ్రు. మూడో కోర్టు ఖాళీగ ఉంటే అండ్ల ఆడుకుంటున్నరు. సీమ సర్వీస్ తమ్మికి నా పాత రాకెట్ ఇచ్చిన, సర్వీస్ మాత్రం ఇంక రాలే.

పావురాలు గట్లనే ఉన్నయి. రేపు వచ్చెటోళ్లు పెన్ను తెచ్చుకోండ్రి. రిజిస్టర్‌కు దారంతోని కట్టిన పెన్ను అప్పుడే మాయమైంది, దారం మాత్రం ఉంది.